బ్రేకు పట్టలేదు

1954 వేసవిలో కోడంబాక్కంలోని ఒక సినిమా స్టూడియో మోటారు షెడ్డులో నన్ను హెడ్ డ్రైవరుగా వేశారు. అంతకు ముందు అదే షెడ్డులో లైను డ్రైవరును, ఇంకా ముందు కార్లు కడిగే క్లీనరును. స్టూడియో పేరు రాయను. అది ఇప్పుడు లేదు గాని అక్కడ పనిచేసినవాళ్ల పిల్లలు ఉన్నారు. నేను రాసేది ఒక ప్రమాదం గురించి, ఆ ప్రమాదం తర్వాత ఒక మనిషి నోటి నుంచి వచ్చిన ఒక్క మాట గురించి. ఆ మాట మద్రాసు తెలుగువాళ్లకు కుదిరిన మాట. ఇంగ్లీషులో అయితే ఈ కథే లేదు.

ముందు మా పని ఎట్లా ఉండేదో చెప్పాలి. షెడ్డులో కింది మెట్టు క్లీనరు. వాడి పైన స్పేరు డ్రైవరు, అంటే ఎవరైనా సెలవు పెడితే ఆ బండి ఎక్కేవాడు. ఆ పైన లైను డ్రైవరు. ఇతనికి ఒక బండి, ఒక దోవ ఖాయంగా ఉంటాయి. పొద్దున్నే టి. నగర్‌లోనో పురసవాక్కంలోనో నటుల ఇళ్లకు పోయి వాళ్లను షూటింగు వేళకు తీసుకురావాలి. అందరి పైన హెడ్ డ్రైవరు. ఫిట్టరు, అంటే బండ్లు బాగుచేసేవాడు, ఈ వరసలోకి రాడు. పని నేను చెబితే చేస్తాడు గాని అతన్ని పెట్టేదీ తీసేదీ మేనేజరు. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

హెడ్ డ్రైవరు పని చాలామంది అనుకున్నట్టు పెత్తనం కాదు. ఏ బండీ అతను తొక్కి చూడకుండా గేటు దాటకూడదు. అప్పటి కార్లకు బ్రేకులు డ్రమ్ములో ఉండేవి. చక్రంతో పాటు తిరిగే ఇనప డబ్బా డ్రమ్ము. దాని లోపలి గోడకు గుడ్డ వంటి లైనింగు వేసిన ముక్కలు ఒరుసుకుంటే బండి ఆగుతుంది. పెడలు తొక్కితే పాదం కింద రాయిలా నిలవాలి. మెత్తగా దిగిపోతే నూనె గొట్టంలోకి గాలి చేరిందని అర్థం. అది చూశాక షెడ్డు వెనక ఇసక పరిచిన జాగాలో బండిని కాస్త ఉరికించి ఒక్కసారిగా తొక్కుతాను. దిగి ఇసక మీద గీతలు చూస్తాను. నాలుగు చక్రాల గీతలూ ఒక్క పొడుగున ఉంటే బండి బయటికి పోతుంది. ఒక గీత పొట్టిగా ఉందంటే ఆ చక్రం ఫిట్టరుకు.

ఆ జాగాలోనే కొత్తవాళ్లకు తడి రోడ్డు పాఠం చెప్పేవాణ్ణి. ఇసక ఊడ్పించి, కింది సిమెంటు గచ్చు మీద నీళ్లు కొట్టించి, దాని మీద కాస్త కాలిన ఇంజను నూనె చల్లించేవాణ్ణి. బండి తోక పక్కకు జారడం మొదలైతే మనిషి కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోతుంది. అదే చేయకూడని పని. చక్రం బిగుసుకుపోతే అది ఇక చక్రం కాదు, జారుడు చెక్క. యాక్సిలరేటరు మీది కాలు తీసేయాలి, తోక ఏ పక్కకు పోతే స్టీరింగు ఆ పక్కకే తిప్పాలి, టైరు మళ్లీ రోడ్డును అందుకునేదాకా ఓర్చుకోవాలి. నేను బండి పక్కన పరుగెత్తుతూ "పట్టొద్దు, పట్టొద్దు" అని అరిచేవాణ్ణి. డ్రైవర్లు చాటున నాకు పట్టొద్దు నాయుడు అని పేరు పెట్టారు. ఎదురుగా ఎవడూ అనలేదు.

ఆ పాఠం అందరికంటే బాగా వంటబట్టింది గోవిందుకు. గోవిందు నా భార్య సుబ్బమ్మ తమ్ముడు. పురసవాక్కంలో పుట్టి పెరిగినవాడు. వాళ్ల తాతల కాలం నుంచీ ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. నేనే క్లీనరుగా చేర్పించాను. పైకి వచ్చింది మాత్రం వాడి చేతి పనితనంతోనే. స్టీరింగు మీద వాడి చెయ్యి నాకంటే నయమని ఇప్పుడూ చెబుతాను. ఒకటే జబ్బు. ఫలానావాడు వేగంగా తెచ్చాడని ఎవరైనా అంటే చెవులు రిక్కించేవాడు. నటులకు అది తెలుసు. "గోవిందు ఉంటే రైలు కూడా వెనకబడాల్సిందే" అని వెనక సీట్లో కూర్చుని అంటే చాలు, వాడి కాలు బరువెక్కేది. నేను రెండు మూడుసార్లు తిట్టాను. "నువ్వు తిట్టు బావా, వాళ్లు పొగుడుతారు. రెండూ కలిసి సరిపోతాయి" అని నవ్వాడు.

ఆ ఏడు ఐప్పసి నెలలో, అంటే అక్టోబరు చివర, వాన పట్టిన మొదటి రోజది. మద్రాసులో మొదటి వాన తర్వాతి వానలకంటే చెడ్డది. అన్ని నెలల దుమ్మూ, బండ్లు కార్చిన నూనే తడిసి రోడ్డు మీద పలచగా మీగడ కడుతుంది. గట్టి వాన కురిస్తే కొట్టుకుపోతుంది. సన్నని తుంపర అయితే అట్లాగే ఉంటుంది. ఆ పొద్దున పడింది తుంపరే.

గోవిందు బండికి ముందురోజే ఫిట్టరు కన్నియప్పన్ కొత్త లైనింగులు వేశాడు. పొద్దున నేను తొక్కి చూశాను. గీతలు సరిగ్గా ఉన్నాయి. వాడు టి. నగర్ పోయి ఒక నడివయసు నటుణ్ణి ఎక్కించుకున్నాడు. ఆయన పూజ ముగించుకుని వచ్చేసరికే ఆలస్యం. కోడంబాక్కం రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు వేసి ఉంది. ఇప్పటిలా అక్కడ వంతెన లేదు. గేటు వేస్తే కార్లు, ఎద్దుబండ్లు, సైకిళ్లు అన్నీ కలిసి బారులు తీరి నిలబడేవి. గేటు ఎత్తగానే అందరూ ఒక్కసారి ముందుకు తోసేవాళ్లు. పట్టాల మీద రోడ్డు కాస్త ఎత్తుగా ఉండి, దాటాక దిగుడు. దిగుడు చివర ఎడమ పక్క ఒక కిరాణా కొట్టు. ఆ కొట్టు చూరు కింద రాజమ్మ అనే ఆవిడ కీర కట్టలు పెట్టుకుని అమ్మేది. ఆకుకూరను మా పక్క కీర అంటారు. రాజమ్మ మాకందరికీ తెలిసిన మనిషే. తెలుగావిడే. డ్రైవర్లను పేరు పెట్టి పిలిచి, కొనకపోతే పేరు పెట్టి తిట్టేది.

గేటు లేచింది. వెనక సీట్లోంచి నటుడు తొందర చేశాడు. సెట్టు మీద దీపాలన్నీ వెలిగించి తన కోసం కూర్చున్నారని, పోనిమ్మని. గోవిందు ముందున్న ఎద్దుబండిని దాటి కారును పట్టాలు ఎక్కించాడు. తడి పట్టా మీద వెనక చక్రం ఒకసారి గిర్రున తిరిగింది. దిగుడులోకి వచ్చేసరికి తోక జారింది. వాడు కాలు తీశాడు, స్టీరింగు తోక పక్కకు తిప్పాడు. ఖాళీ మైదానమైతే బండి నిలదొక్కుకునేది. అక్కడ అంత జాగా లేదు. బండి అడ్డంగా తిరిగి చూరు కిందికి వెళ్లింది. వెనక మడ్‌గార్డు రాజమ్మ కాలిని కొట్టు అరుగు రాతికి వేసి నొక్కింది. పెద్దాసుపత్రిలో మోకాలి కింది నుంచి తీసేశారు. నటుడికి మోచేయి గీసుకుపోయింది.

నాకు కబురు వచ్చి స్టేషనుకు పోయేసరికి గోవిందు బెంచీ మీద తడి బట్టల్లో కూర్చుని వణుకుతున్నాడు. అప్పటికే వాడి వాంగ్మూలం అయిపోయింది. రైటరు, అంటే స్టేషనులో కాగితాలు రాసే కానిస్టేబులు, అరవ మనిషి. ఏమైందని అడిగితే గోవిందు చెప్పింది ఒక్కటే. బ్రేకు పట్టలేదు. ఇంకేమీ చెప్పలేకపోయాడు. అరవంలోనూ ఆ మాటకు అచ్చంగా అట్లాంటి మాటే ఉంది కాబట్టి రైటరుకు తడుముకునే పని లేకపోయింది, అదే రాశాడు. పై అధికారి కోసం దాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మాత్రం బ్రేకులు పనిచేయలేదని రాశారు.

ఆ సాయంత్రమే మేనేజరు కన్నియప్పన్‌ను పనిలోంచి ఆపేశాడు. ముందురోజు బ్రేకు ముట్టుకున్నవాడు అతనే, ఇక అడిగేదేముంది అన్నాడు. బ్రేకు పోగొట్టిన ఫిట్టరు అన్న పేరు పడితే మద్రాసులో ఏ షెడ్డూ లోపలికి రానివ్వదు. ఆ సంగతి మేనేజరుకు తెలుసు, నాకు తెలుసు, కన్నియప్పన్‌కు మాకంటే బాగా తెలుసు. మర్నాడు షెడ్డు గేటు బయట నిలబడి నన్ను పిలిచాడు. అరవ మనిషి, మాతో పొత్తులో వచ్చిన తెలుగు మాట్లాడేవాడు.

"నాయుడన్నా, నువ్వు తొక్కి చూస్తివి గదా. పట్టిందా లేదా?"

"పట్టింది."

"అది పోయి చెప్పన్నా ఆడ. నేను చెబితే ఎవుడు వింటాడు?"

చెబుతానన్నాను. కాని నేను చెప్పినంత మాత్రాన తెమిలే వ్యవహారం కాదది. ఇట్లాంటి కేసుల్లో బండిని మోటారు ఇన్‌స్పెక్టరు పరీక్ష చేస్తాడు. ఆయన వచ్చి డ్రమ్ములు విప్పించి లైనింగు చూశాడు, నూనె చూశాడు, రోడ్డు మీద తోలించి ఆపించాడు. బ్రేకులు బాగున్నాయన్నాడు. అయితే ఇంకో మాట కూడా అన్నాడు. నీళ్లలో పోయిన బండికి డ్రమ్ములు తడిస్తే కాసేపు పట్టవు, ఆరాక మామూలుగా పడతాయి, కాబట్టి ఆ క్షణంలో పట్టాయో లేదో తాను చెప్పలేనన్నాడు. అది నిజమే. నేనూ చెప్పలేను. నేను చూసింది షెడ్డులో పొద్దుటి బ్రేకు, గేటు దగ్గరి బ్రేకు కాదు. ఇక మిగిలింది గోవిందు నోరు. వాడి మాట నిలిస్తే వాడు బయటపడతాడు, కన్నియప్పన్ మునుగుతాడు. నిలవకపోతే గోవిందుకు జైలు, లైసెన్సు పోవడం.

వాణ్ణి జామీను మీద వదిలాక మా ఇంటికే తెచ్చుకున్నాను. అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు. నేను సూటిగా అడిగాను, పెడలు తొక్కితే ఎట్లా ఉంది, మెత్తగా దిగిందా, గట్టిగా నిలబడి కూడా బండి ఆగలేదా అని. వాడు తల ఎత్తి నన్ను వింతగా చూశాడు.

"తొక్కితే గదా బావా."

"ఏందిరా?"

"బ్రేకు పట్టలేదంటిని గదా. నువ్వే గదా పట్టొద్దని మెడ నరాలు తెగేటట్టు అరిచింది. జారినాక పట్టలేదు నేను. కాలు తీసేసినా. నువ్వు నేర్పించినట్టే."

అప్పుడు తెలిసింది నాకు. మా షెడ్డులో పెడలును తొక్కడం అంటారు గాని, బ్రేకును మాత్రం పట్టడమే అంటారు. 'నేను బ్రేకు వేయలేదు' అని చెప్పాలన్నా 'బ్రేకు పట్టలేదు' అనే అంటాం. 'బ్రేకు పనిచేయలేదు' అని చెప్పాలన్నా 'బ్రేకు పట్టలేదు' అనే అంటాం. 'నేను' అనే మాటను మనం మాటల్లో మింగేస్తాం, అది లేకపోయినా ఎదుటివాడికి తెలుస్తుందన్న నమ్మకంతో. గోవిందు చెప్పింది మొదటిది. రైటరు విన్నది రెండోది. పొరపాటు ఇద్దరిదీ కాదు. ఆ పొరపాటు మీద ఒక ఫిట్టరు వీధిలో నిలబడ్డాడు.

ఇది తెలిశాక పని సులువవుతుందనుకున్నాను. కాలేదు. స్టూడియో పెట్టిన ప్లీడరు గోవిందు చెప్పింది విని సంతోషపడ్డాడు. ఒకే మాటకు రెండర్థాలు ఉంటే మనకు పనికొచ్చేదాన్ని మనం ఉంచుకోవచ్చు, అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు, కోర్టులో నువ్వు చెప్పిన మాట ఇదేనా అని అడుగుతారు, అవునను, అంతే అన్నాడు. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి ఫ్యాను వేసి కూర్చోబెట్టాడు. అంతకు ముందు ఎప్పుడూ కూర్చోమనలేదు.

"ఆ మాటని అలాగే ఉండనివ్వు నాయుడూ. మీవాడు ఇంటికొస్తాడు. ఫిట్టరుదేముంది, ఇంకో ఊళ్లో చూసుకుంటాడు."

అతనికీ పెళ్లాం పిల్లలు ఈ ఊళ్లోనే ఉన్నారన్నాను. ఫ్యాను కట్టేసి ఇక వెళ్లమన్నాడు.

ఇంట్లో సుబ్బమ్మ అంతకంటే గట్టిగా పట్టుకుంది. కోర్టులో నేను ఏం చెప్పబోతున్నానని అడిగింది. పొద్దున బ్రేకు బాగుందని చెబుతానన్నాను.

"బాగుందో లేదో నీకు మతికి లేదని చెబితే నీ సొమ్మేం పోతుంది?"

"మతికి ఉంది గదా."

"నువ్వు మొగుడివా, మెజిస్ట్రేటువా? వాడు నా తమ్ముడు. ఆ కన్నియప్పన్ నీకేమవుతాడు?"

"ఏమీ కాడు. అందుకే వాడి తరఫున చెప్పేవాడు లేడు."

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టేది, నీళ్లు పెట్టేది, గోడతో మాట్లాడేది. గోవిందు మా ఇద్దరి మధ్యా కూర్చుని అన్నీ వినేవాడు. వాడికి నేను ఏమీ చెప్పలేదు. ఇది చాలామంది నమ్మలేదు, నేనే నూరిపోశానన్నారు. చెప్పలేదు. నా కళ్లు చూసింది నేను చెప్పాలి, వాడి కాలు చేసింది వాడు చెప్పాలి. ఒక్కసారి మాత్రం వాడే అడిగాడు. "బావా, నేను జారినాక చేసింది సరేనా?" సరే అన్నాను. "మరి ఆ ముసలిదాని కాలెందుకు పోయింది?" అన్నాడు. జవాబు నాకు తెలుసు. వాడికీ తెలుసు.

కోర్టుకు రాజమ్మను ఇద్దరు మోసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమె సాక్ష్యం మొదట. నువ్వు రోడ్డు మీద కూర్చున్నావా, లేచి అడ్డం వచ్చావా అని ప్లీడరు తిప్పి తిప్పి అడిగాడు.

"వాన పడతా ఉందని గోనెపట్ట కప్పుకోని చూరు కింద ఒదిగి కూర్చుంటి నాయినా. రోడ్డు మీదికి నేను పోలేదు. రోడ్డే నా మీదికొచ్చె."

మెజిస్ట్రేటు అరవ మనిషే గాని తెలుగు అర్థమవుతుంది. దుబాసీ అరవంలోకి మార్చి చెప్పేదాకా ఆగకుండానే తల ఊపి రాసుకున్నాడు. తర్వాత నటుడు వచ్చాడు. తాను కళ్లు మూసుకుని పాత్ర గురించి ఆలోచించుకుంటున్నానని, వేగం సంగతి తెలియదని చెప్పి పోయాడు. తర్వాత నేను. పెడలు గట్టిగా ఉంది, ఇసక మీద గీతలు సమానంగా ఉన్నాయి, గేటు దగ్గర ఏం జరిగిందో నేను చూడలేదు అన్నాను. ప్లీడరు నన్ను ఎక్కువ కదిలించలేదు. సుబ్బమ్మ వెనక వరసలో కూర్చుంది. నేను దిగి వస్తుంటే ముఖం తిప్పుకుంది.

చివర గోవిందును లేపారు. స్టేషనులో రాసిన వాంగ్మూలాన్ని దుబాసీ అరవంలో చదివాడు. బ్రేకు పట్టలేదు. ఇది నువ్వు చెప్పిన మాటేనా అని మెజిస్ట్రేటు అడిగాడు. అవును సామీ అన్నాడు గోవిందు. ప్లీడరు కూర్చుని చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు. కన్నియప్పన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అతను వెనక్కి తిరిగి వరండాలోకి నడవడం నేను చూశాను.

గోవిందు ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోమని బంట్రోతు సైగ చేశాడు. కూర్చోలేదు.

"సామీ, నేను పట్టలేదు."

అదే గదా చదివాం అన్నాడు దుబాసీ.

"అది కాదు సామీ. బ్రేకు మంచిదే. నేను పట్టలేదు. నేను."

మూడోసారి ఆ మాట అంటూ చెయ్యి రొమ్ము మీద వేసుకున్నాడు. దుబాసీకి అప్పటికి అర్థమైంది. ప్లీడరు లేవబోయాడు. మెజిస్ట్రేటు ఆయన్ను కూర్చోమని, ఎందుకు పట్టలేదని గోవిందునే అడిగాడు. జారే బండికి బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుంటాయని, అందుకని కాలు తీసి స్టీరింగు తిప్పానని వాడు చెప్పాడు. మెజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. కారు తోలడం తెలిసిన మనిషే అయి ఉండాలి. అయితే నువ్వు చేసింది సరైన పనే గదా, తప్పెక్కడ అన్నాడు. వాడు దానికి అవునని ఊరుకుని ఉంటే ఫిట్టరు బయటపడేవాడు, తానూ బయటపడేవాడేమో.

"జారినాక చేసింది సరే సామీ. జారకముందు చేసిందే తప్పు. తుంపరకు రోడ్డు నూనె తేలి ఉందని నాకు తెలుసు. ఎద్దుబండి వెనకాలే నింపాదిగా పోయుంటే జారేది కాదు. దాటి యాక్సిలరేటరు తొక్కినా."

వెనకున్నాయన తొందర చేశాడా అని అడిగాడు.

"చేసినాడు సామీ. తొందర ఆయనది. కాలు నాది."

బెంచీ మీద రాజమ్మ దగ్గింది.

కొన్ని నెలల జైలు వేశారు. లైసెన్సు చాలాకాలం ఆపేశారు. నిజం చెప్పినందుకు శిక్ష తగ్గించామని మెజిస్ట్రేటు అన్నాడు గాని, చెప్పకపోతే శిక్షే ఉండేది కాదని ఆ గదిలో అందరికీ తెలుసు. మర్నాడు మేనేజరు కన్నియప్పన్‌ను తిరిగి పనిలోకి పిలిపించక తప్పలేదు. కన్నియప్పన్ వచ్చి గోవిందు తోలిన బండి డ్రమ్ములే మొదట విప్పి శుభ్రం చేశాడు. ఆ రోజు ఆ బండికి ఆ పని అవసరం లేదు.

సుబ్బమ్మ నాతో మళ్లీ మాట్లాడింది తమ్ముణ్ణి జైల్లో చూసి వచ్చాక. వాడు బాగానే తింటున్నాడని చెప్పింది. ఆ ఒక్క మాటతోనే మొదలుపెట్టింది. కోర్టు సంగతి మా ఇంట్లో తర్వాత ఎప్పుడూ రాలేదు.

గోవిందు విడుదలైనాక రాజమ్మ దగ్గరికి పోయాడు. ఆమె అదే చూరు కింద, చెక్క పీట మీద, పక్కన కర్ర పెట్టుకుని కూర్చునేది. వాడు ఎదురుగా నిలబడ్డాడు. ఆమె ఎగాదిగా చూసింది.

"కొనేదుంటే కొను. లేకుంటే ఎలుతురికి అడ్డం తప్పుకో."

కొన్నాడు. అప్పటి నుంచి రోజూ కొన్నాడు. రోజూ ఈ గడ్డి ఎవరు తింటారని సుబ్బమ్మ గోల చేసేది, చేస్తూనే వండేది. వాడు షెడ్డులోకి వచ్చి మళ్లీ క్లీనరుగా కార్లు కడిగాడు. లైసెన్సు తిరిగి వచ్చాక స్పేరు డ్రైవరు అయ్యాడు, ఆ మెట్టు మీదే ఉండిపోయాడు. లైను డ్రైవరుగా వేస్తానంటే వద్దన్నాడు. వాన రోజున వాడి బండిలో కూర్చున్న నటులు నత్త అని విసుక్కునేవాళ్లు. ఒకాయన వేరే డ్రైవరును ఇమ్మని నన్ను అడిగాడు. ఇవ్వనన్నాను.

షెడ్డులో నేను ఒక కట్టడి పెట్టాను. బండికి ఏం జరిగినా డ్రైవరు వచ్చి నాకు నోటితో చెప్పాలి. చెప్పేటప్పుడు 'నేను' అనే మాటతో మొదలుపెట్టాలి. బండి జారింది అంటే ఒప్పుకోను. నేను జార్చాను అనాలి, లేకపోతే ఎట్లా జారిందో, అప్పుడు నా కాలు ఎక్కడుందో, నేను ఏం చూస్తున్నానో చెప్పాలి. మొదట్లో నవ్వారు. బండి పంక్చరయితే కూడా "నేను పంక్చరయినా నాయుడన్నా" అని ఎగతాళి చేశారు. చేయనిచ్చాను. కొన్నాళ్లకు అలవాటయింది. అలవాటయ్యాక వాన రోజుల్లో మా షెడ్డు బండ్లు పట్టాల దగ్గర నెమ్మదించడం గేటువాడే గమనించి నాతో అన్నాడు.

ఆ కేసు నాటికి నాకు సంతకం తప్ప అక్షరం రాదు. తర్వాత నేర్చుకున్నాను, తలలో వెండ్రుకలు నెరిసే వయసులో. స్టూడియోలో సంభాషణలకు నకళ్లు రాసే ఒక అయ్యవారు, పగటి షిఫ్టు మారే విరామంలో షెడ్డు బల్ల మీద పలక పెట్టి నేర్పించాడు. గుణింతాలయ్యాక వాక్యాల దగ్గరికి వచ్చినప్పుడు, పని చేసేవాణ్ణి కర్త అంటారని, తెలుగులో కర్త కనబడకపోయినా వాక్యం నిలుస్తుందని, అది మన భాషకున్న సొగసని చెప్పాడు.

పుస్తకంలో నిలుస్తుందేమో గాని నా షెడ్డులో నిలవదన్నాను. ఎందుకని అడిగాడు. గోవిందు అప్పుడు బయట వానలో బండి కడుగుతున్నాడు. పిలిచి చెప్పించలేదు. నేనే చెప్పాను. అయ్యవారు విని, పలక మీద రాసిన వాక్యానికి ముందు కర్తను చేర్చి, ఇట్లాగే రాసుకొమ్మన్నాడు.

డ్రైవరు పని నేర్చుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. తడి రోడ్డు మీద బండి అదుపు తప్పేది తోక జారినప్పుడు కాదు. జారకముందు, కాలికి రోడ్డు కంటే వెనక సీటు మాట ఎక్కువైనప్పుడు. జారినాక మీరు చేసేది పనితనం. దాని వల్ల ఒకరి కాలు దక్కవచ్చు, దక్కకపోవచ్చు. ముందు చేసేదే బాధ్యత. దానికి కర్త ఒక్కడే ఉంటాడు.